పిడికెడు బియ్యం, పన్నెండు పళ్లేలు

"మీ ఆలోచనను రెండు వందల మాటల్లో చెప్పండి" అని ఉంది ఫారంలో. సూరారంలో ఒక ప్రైవేటు బడిలో డ్రాయింగ్ చెప్తాను నేను. ఒక్క పీరియడ్‌లో పిల్లల మీద అరిచే మాటలే అంతకు పదింతలుంటాయి. అయినా ఆ ఫారం ముందు నాలుగు రోజులు నోరు పెగల్లేదు.

పేట్ బషీరాబాద్‌లో మూతబడిన టైల్స్ షోరూం ఒకటి అద్దెకు తీసుకుని ఇద్దరు స్నేహితురాళ్లు చిన్న గ్యాలరీ నడుపుతున్నారు. ఆ ఫారం వాళ్లదే. మొదటిసారి చూసి, పేరు గొప్ప ఊరు దిబ్బ అనుకున్నాను. గోడల నిండా బాత్‌రూం టైల్స్ ముక్కలు ఇంకా అతుక్కునే ఉన్నాయి. కానీ ఆ తెల్లటి నేల తెగ నచ్చింది. దానిమీద ఏదైనా పరిచి, జనం చుట్టూ తిరిగి చూసేలా చేయాలనిపించింది. దాన్ని ఇన్‌స్టలేషన్ అంటారని అమ్మకు చెప్పాను. "అంటే ముగ్గా?" అంది. కాదనలేకపోయాను.

పరచాలనుకున్నది బియ్యం. మా చర్చి ఆడవాళ్లు వంటకు బియ్యం కొలిచినప్పుడల్లా ఒక పిడికెడు తీసి దేవుని డబ్బాలో వేస్తారు. ఆదివారం ఆ డబ్బాలు చర్చికి పోతాయి. వాటిని అందుకునేది పాస్టరుగారి భార్య, మా అందరికీ పాస్టరమ్మ. ఆ బియ్యం పేదల ఇళ్లకు చేరుతుంది. మా వీధిలో పన్నెండు మంది ఆడవాళ్ల పిడికెడు బియ్యం పన్నెండు చోట్ల పెట్టాలి. అంతే నా పని.

ఫారం చివర ఒక వాక్యం రాశాను. "నాయిన పనిచేసే కంపెనీ మూతపడిన ఏడాది కూడా మా అమ్మ ఒక్క పూట పిడికెడు తప్పలేదు." రాసి నాకు నేనే మురిసిపోయాను. నిజం చెప్పాలంటే అందులో పాత కోపం కూడా ఉంది. అప్పుడు నాకు పదేళ్లు. కంచంలో అన్నం సగమై, డబ్బాలో మాత్రం పిడికెడు పడుతుంటే, ఆకలి దేవుడికెక్కువా నాకెక్కువా అని అరిచి బడికి పోయేదాన్ని.

ఆదివారం అమ్మ కోడికూర కలియబెడుతుంటే ఫారం చదివి వినిపించాను.

"బియ్యం కింద పోస్తవా? తొక్కరా మంది?"

"పళ్లేలల్ల పెడత."

"అయినంక?"

"చర్చికే ఇచ్చేస్త."

ఊ అంది. చివరి వాక్యం చదివేసరికి గరిటె ఆగింది.

"అది కొట్టెయ్యి."

"ఎందుకమ్మా? అదే అసలు మాట."

"అబద్ధం గన్క." స్టవ్ తగ్గించింది. "నువ్వు చూస్తుండంగ ఏసేదాన్ని. నువ్వు బడికి పోంగనే తీసేదాన్ని. పొద్దుమీకి మీకు వండింది గవే బియ్యం."

"మరి ఆదివారం?"

"ఉత్త డబ్బకే గుడ్డ జుట్టి తీస్కపోయేదాన్ని. పాస్టరమ్మ అందుకొని లోపటికి పోయేది. ఎన్నడు మంది ముంగట మూత తియ్యలే. మళ్ల నా చేతికిచ్చేటప్పుడు డబ్బ బరువుండేది." తలుపు వైపు చూసి అంది, "ఎవ్వరికి జెప్పకు బిడ్డా. ఇజ్జత్ పోతది."

ఇన్నేళ్లూ ఏ బియ్యం మీద కోపం పెట్టుకున్నానో ఆ బియ్యమే తిని పెరిగానన్నమాట. సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది. ఈలోపు కూర అడుగంటితే అమ్మ దానికీ నన్నే తిట్టింది.

ఆ వాక్యం కొట్టేసి ఫారం ఇచ్చాను. గ్యాలరీ వాళ్లు చాయ్ ఇచ్చి, అంతా విని, "చీమలొస్తే?" అని అడిగారు. "రానివ్వండి, వాటిదీ ఆకలే కదా" అన్నాను. నవ్వి సరేనన్నారు. గాల్లో తేలుతూ బస్సెక్కాను.

వీధిలో బియ్యం అడగడానికి వెళ్తే, పదిమంది చూస్తారనేసరికి అందరి పిడికిళ్లూ దోసిళ్లయ్యాయి. పిడికెడే అని మొత్తుకున్నా వింటేగా! పక్కింటి అక్కయితే సన్నబియ్యం కొనుక్కొచ్చి మరీ పోసింది. చివరికి అమ్మ దగ్గరికి వచ్చాను. పళ్లెం కడిగి, కొంగుతో తుడిచి, ఖాళీదే నా చేతిలో పెట్టింది.

"గిట్లనే పెట్టు."

"ఇజ్జత్ పోతదంటివి గదా?"

"ఎవలదో ఎవరికెరుక? పేర్లు రాస్తలేవు గదా."

ప్రదర్శన మొదటిరోజు చర్చి ఆడవాళ్లంతా ఆటోల్లో దిగారు. పాస్టరమ్మకు మోకాళ్ల నొప్పులని కుర్చీ వేశాం. పక్కింటి అక్క ఒక్కో పళ్లెం చూసుకుంటూ వచ్చి ఖాళీదాని దగ్గర ఆగింది. "గిదేంది, పొయ్య మర్సిన్రా? ఎవలది గిది?" అంది గట్టిగా. నేనే మర్చిపోయానని చెప్పబోయాను.

"నాది," అంది అమ్మ. "మర్సిపోలే. కంపెనీ బంద్ వడ్డ ఏడాది దేవుని డబ్బలకెల్లి తీసి నా బిడ్డకు వండిపెట్టిన. గదే గిది."

అమ్మ తల దించుకోలేదు. నాకు ఆమెను చూస్తే గర్వంగా ఉంది, భయంగానూ ఉంది. పక్కింటి అక్క మెల్లగా వంగి తన పళ్లెం ఎత్తింది. సన్నబియ్యమంతా కొంగులోకి ఒంపుకుని, ఖాళీ పళ్లెం ఉన్నచోటే పెట్టింది. "మా ఆయనది గుడ గదే కంపెనీ," అంది.

సాయంత్రానికి ఖాళీ పళ్లేలు ఐదయ్యాయి. మళ్లీ నింపమంటారా అని గ్యాలరీ ఆమె అడిగింది. వద్దన్నాను.

వెళ్లేటప్పుడు పాస్టరమ్మ నా భుజం పట్టుకుని లేచింది. పళ్లేలన్నీ ఒకసారి చూసి నా చెవిలో, "ఐదేనా బిడ్డా? గా ఏడాది నాకు ఉత్త డబ్బలు ఏడొచ్చినయి" అంది.

మిగతా ఇద్దరూ ఎవరని నేను అడగలేదు.