పడవ కోసం కుట్టిన బొంత

తడి నూలు బట్ట మీద వేడి ఇస్త్రీపెట్టె ఆనించగానే ఆవిరి లేస్తుంది. కాస్త గంజి వాసన, కాస్త సబ్బు వాసన. నిన్న పొద్దున గుడివాడలో మా ఇంట్లో దుప్పటి ఇస్త్రీ చేస్తుంటే ఆ ఆవిరి మొహానికి తగిలి, చేస్తున్న పని ఆపి నిలబడిపోయాను. "మూలలమ్మా, మూలలు" అని రూతమ్మ టీచర్ గారు పక్కనుంచి అన్నట్టే అనిపించింది.

అవనిగడ్డలో మా ఇంటికి రెండిళ్ళ అవతల ఉండేవారు ఆవిడ. చల్లపల్లిలో డ్రాయింగ్ టీచరుగా చేసి రిటైరయ్యారు. పొడుగు మనిషి. గంజి పెట్టిన చీరలో వీధిన నడిచి వస్తుంటే పిల్లలు ఆట ఆపేవాళ్ళు. నేను హైదరాబాదులో ఉద్యోగం పోగొట్టుకుని వచ్చి, గది తలుపు వేసుకుని కూర్చున్న రోజులవి. ఎదురైన ప్రతివాళ్ళూ "మళ్ళీ ఎప్పుడెళ్తున్నావమ్మా?" అనేవాళ్ళు. ఆవిడొక్కరే అడగలేదు.

ఆ ఏడు కృష్ణకు వరదొచ్చి నది మధ్యనున్న లంకలు మునిగాయి. నీళ్ళు తగ్గాక ఎక్కడెక్కడి నుంచో లారీల్లో పాతబట్టలు వచ్చాయి. కరకట్ట మీద గుట్టగా పోసి వెళ్ళిపోయారు. చిరిగిన జాకెట్లు, గుండీలు లేని చొక్కాలు, ఒకే పెళ్ళికి వేసుకుని వదిలేసిన తళుకుల గౌన్లు. లంకలో గేదెల్ని మేపుకుని బతికే నాంచారమ్మ ఒక జాకెట్టు ఎత్తి చూసి, మళ్ళీ కింద పెట్టేసింది. "మా ఇల్లు కొట్టుకుపోయింది గానీ సిగ్గు కొట్టుకుపోలేదండీ" అంది. మర్నాడు టీచర్ గారు ట్రాక్టరు పిలిపించి ఆ గుట్టంతా చర్చి వరండాకు చేర్పించారు. ఆ సాయంత్రమే మా గుమ్మంలోకి వచ్చారు.

"ఏం చదివావ్ సుధా?"

"కంప్యూటర్సండీ."

"మంచిది. రా, ఇస్త్రీ చేద్దువుగాని."

ఆ బట్టలతో గోడకు వేలాడదీసే పెద్ద బొంత ఒకటి కుట్టించి, బందరు ప్రదర్శనలో అమ్మి, లంకకు పడవ కొనివ్వాలని ఆవిడ ఆలోచన. పాత పడవ వరదలో పోయింది. పిల్లలు బడికి రావడం మానేశారు. బట్టలన్నీ గుండిగల్లో ఉడకబెట్టి, ఉతికి ఆరేశాం. టీచర్ గారు దుప్పటి పరిచి దాని మీద సుద్దముక్కతో వరద గీశారు. మునిగిన కప్పులు, చేతులెత్తిన మనుషులు. చూస్తే ఒళ్ళు జలదరించేంత బాగా గీశారు. లంక ఆడవాళ్ళు చుట్టూ కూర్చున్నారు గానీ ఒక్కరూ సూదిలో దారం ఎక్కించలేదు.

"ఏమైందమ్మా?"

"చూసిందే మళ్ళీ కుట్టాలాండీ?" అంది నాంచారమ్మ.

టీచర్ గారి మొహం ఎర్రబడింది. తర్వాత తడిగుడ్డ తెచ్చుకుని, మోకాళ్ళ మీద కూర్చుని తనే తుడిచేశారు. "ముందు మిమ్మల్ని అడగాల్సింది. మీకేది ఇష్టమో అది కుట్టండి" అన్నారు.

నాంచారమ్మ నల్ల ప్యాంటు కోసి తన గేదెను కుట్టింది. ఒకావిడ పచ్చ లంగాతో కాకర పందిరి వేసింది. ఒక ముసలమ్మ తళుకుల గౌనుతో చేపలు చేసి, అవి ఎగురుతున్నట్టు పెట్టి తనే నవ్వుకుంది. మధ్యలో పారే నది మాత్రం టీచర్ గారిది, నీలం యూనిఫాం ముక్కలన్నీ కలిపి ఆవిడే కుట్టారు. పక్కన ఇస్త్రీ చేస్తూ నేను మళ్ళీ ఎప్పుడు నవ్వడం మొదలుపెట్టానో నాకే తెలియదు.

బందరులో ఒక హోటలు యజమానికి బొంత బాగా నచ్చింది. "మా రిసెప్షన్‌లో పెడతాను. పక్కన ఈవిడ ఫోటో కావాలి. కూలిన ఇంటి ముందు ఏడుస్తూ ఉండాలి" అన్నాడు నాంచారమ్మను చూపించి. టీచర్ గారు ఏదో అనబోయి, ఆగి, నాంచారమ్మ వైపు తిరిగారు. "నువ్వే చెప్పమ్మా. మొహం నీది, పడవ మీది."

"ఇప్పుడు ఏడుపు రావట్లేదండీ" అంది నాంచారమ్మ మర్యాదగానే. "గేదె పక్కన నిలబడమంటే నిలబడతాను."

ఆయన వాచీ చూసుకుని వెళ్ళిపోయాడు. అంత పెద్ద బొంత ఎవరి గోడకూ పట్టదు. ఇంకెవరూ కొనలేదు. తిరిగి వస్తుంటే వ్యానులో నాంచారమ్మే మెల్లగా అంది: "విడివిడిగా కోసేస్తే అమ్ముడుపోతాయేమోనండీ." అందరం టీచర్ గారి మొహంలోకి చూశాం. అవనిగడ్డలో దిగేటప్పుడు ఆవిడ "రేపు కత్తెరలు తెచ్చుకోండి" అన్నారు.

ఒక్కొక్కరినీ అడిగి, "ఇక్కడ కొయ్యనా?" అంటూ కోశారు. నది దగ్గరికి వచ్చేసరికి అడగడానికి ఎవరూ లేరు. అరచేత్తో ఒకసారి ఆ నీలం నిమిరి, కత్తెర దించారు. నేను చూడలేక తల తిప్పుకున్నాను.

అంచులు మడిచి కుట్టి చల్లపల్లి, పామర్రు, గుడివాడ తిరిగి అమ్మాం. డాక్టర్లు కొన్నారు, స్కూళ్ళవాళ్ళు కొన్నారు, కొత్తిల్లు కట్టుకున్నవాళ్ళు కొన్నారు. కార్తీకం నాటికి రేవులోకి పడవ వచ్చింది. పాతదే గానీ గట్టిది. నీళ్ళంటే హడలిపోయే టీచర్ గారు నాంచారమ్మ భుజం గట్టిగా పట్టుకుని, పిల్లల మధ్య కూర్చుని ఏరు దాటారు.

ఆవిడ పోయి కొన్నేళ్ళయింది. ఆ బొంతలో ముక్క ఒక్కటైనా నా దగ్గర లేదు. ఇప్పుడు గుడివాడలో నేనూ, కొందరు ఆడవాళ్ళూ టైలర్ల దగ్గర మిగిలిన గుడ్డలతో గోడబొమ్మలు కుట్టి, వాటి మీద వచ్చేది ఆసుపత్రిలో ఉన్నవాళ్ళ భోజనాలకు ఇస్తున్నాం. మొన్న కొత్తగా చేరినావిడ నేను గీసిన నెమలిని చూసి పెదవి విరిచింది. లోపల చురుక్కుమంది. అయినా, "నువ్వైతే ఏం కుడతావమ్మా?" అని అడిగాను. అడిగాక జవాబు వచ్చేదాకా ఊరుకోవడం నాకు ఇప్పటికీ కష్టమే. ఊరుకున్నాను.