అత్తయ్య గడియారాలు, మేనకోడలి ఫోల్డరు

అత్తయ్య ఎవర్నీ నమ్మదు. మనుషుల సంగతి సరే, గడియారాన్ని కూడా నమ్మదు. అందుకే హాల్లో రెండు గడియారాలు వేలాడుతుంటాయి. రెండూ వేరువేరు టైము చూపిస్తే "ఒకటి అబద్ధమాడుతోంది" అంటుంది. ఒకే టైము చూపిస్తే "కూడబలుక్కున్నాయి" అంటుంది.

పుట్టుకతో వచ్చిన జబ్బు కాదిది. నీటి సరఫరా ఆఫీసులో టైపిస్టుగా ఉన్న రోజుల్లో, పదకొండేళ్లు సెలవులు కూడా మానుకుని తిరిగి, ఏ వీధిలో ఏ పైపు ఎంత లోతున పోతోందో పుస్తకంగా రాసింది. అట్ట మీద పెద్ద అధికారి పేరు పడింది. ఆవిష్కరణ సభలో ఆయనకి చప్పట్లు, ఈవిడ చేతికి టీ కప్పుల పళ్లెం. అందరికీ టీలందించి, ఇంటికొచ్చే దారిలో ఒక తాళంకప్ప కొనుక్కుంది. అది మొదటిది. ఇప్పుడు ఇంట్లో పద్నాలుగున్నాయి. పంచదార డబ్బాకి కూడా ఒకటుంది.

ఈ కోటలో మేడ మీది గది మేనకోడలిది. నీళ్లు పరీక్షించే సంస్థలో ఉద్యోగం. మూడు నెలలుగా ఇల్లిల్లూ తిరిగి, కుళాయి నీళ్లు సీసాల్లో పట్టి పరీక్ష చేయించి, నివేదిక రాస్తోంది. ఆమె లాప్‌టాప్ ముసలిది, ఎప్పుడు గుటుక్కుమంటుందో తెలియదు. అందుకని నివేదికను కింద హాల్లో ఉన్న అత్తయ్య కంప్యూటర్లో ఒక ఫోల్డర్లో పెట్టి, వైఫై మీదుగా పై నుంచే తెరిచి రాసుకునేది.

రోజూ సాయంత్రం ఆరింటికి అత్తయ్య మెట్లెక్కి వచ్చేది. "ఇవాళ ఏ వీధి? ఎంత రాశావు? ఏదీ, చూపించు."

మేనకోడలికి ఒళ్లు మండేది. "నన్ను కూడా నమ్మవా అత్తయ్యా?"

"నమ్మకపోతే మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కుతానటే? కిందే కూర్చుని అనుమానించేదాన్ని."

నివేదిక ఇవ్వాల్సిన రోజు వచ్చింది. పదకొండింటికి మునిసిపల్ ఆఫీసులో సభ. తొమ్మిదింటికి ఫోల్డరు తెరవబోతే "దారి దొరకలేదు" అంది లాప్‌టాప్. ఎన్నిసార్లు నొక్కినా అదే మాట. ప్రింటరేమో లాప్‌టాప్‌కే ఉంది. కిందికి పరుగెత్తి పెన్‌డ్రైవు పెడదామంటే, ఆ రంధ్రాలన్నిటికీ అత్తయ్య ఎప్పుడో లక్క పోసేసింది.

"పోనీ మెయిల్ పంపుకుంటా."

"మేడ మీదికి వెళ్లాల్సిన కాగితం ప్రపంచమంతా తిరిగొస్తుందా? దారిలో ఎంతమంది చదువుతారో!"

చేసేది లేక వైర్ల మాస్టారికి కబురు పెట్టింది. పక్క వీధిలో కంప్యూటర్లు బాగుచేస్తాడాయన. అత్తయ్య గుమ్మంలోనే ఆపింది.

"సంచీలో ఏముంది?"

"స్క్రూడ్రైవర్లమ్మా."

"రెండెందుకు?"

"ఒకటి పెద్దది, ఒకటి చిన్నది."

"చిన్నది ఇక్కడ పెట్టు. వెళ్లేటప్పుడిస్తాను."

మాస్టారు పైకీ కిందికీ నాలుగుసార్లు తిరిగాడు. "రెండూ ఒకే వైఫై మీదున్నాయి. పై నుంచి కేకేస్తే కిందది పలకాలి. చెవులు మూసుకుని కూర్చుంది," అన్నాడు. అత్తయ్య కంప్యూటర్ సెట్టింగులు తెరిచి తల పట్టుకున్నాడు. "అమ్మా, ఇది ఇంటి నెట్‌వర్కు కదా! బహిరంగ ప్రదేశమని ఎవరు పెట్టారు? అలా పెడితే పక్క కంప్యూటర్‌కి కూడా కనపడకుండా దాక్కుంటుంది."

"నేనే పెట్టాను. ఇది ఇల్లా, బహిరంగ ప్రదేశమా అని దాని పాటికి అదే అడిగింది. పాలవాడొస్తాడు, గ్యాసువాడొస్తాడు, గిన్నె తిరిగిస్తానని వచ్చి పక్కింటావిడ గంట కూర్చుంటుంది. నిన్న దీని ఆఫీసు సారు కూడా వచ్చాడు. ఇవాళ నువ్వు. ఇది ఇల్లా?"

"మా సారా? ఎందుకొచ్చాడు?" అంది మేనకోడలు.

అత్తయ్య మాస్టారి వంక ఓరగా చూసి, "తర్వాత చెబుతా," అంది.

మాస్టారు దాన్ని బతిమాలి మళ్లీ ఇల్లు చేశాడు. లాప్‌టాప్‌లో వెంటనే ఒక పేరు వెలిగింది: "పాడైపోయిన కంప్యూటర్".

"ఇదేం పేరత్తయ్యా?"

"పాడైపోయినదాన్ని ఏ దొంగా ముట్టుకోడు."

నొక్కితే పాస్‌వర్డు అడిగింది. నిన్నటిదాకా లేదు. ఏమిటని అడిగితే అత్తయ్య ముఖం చిన్నబుచ్చుకుంది. "నాకూ తెలియదే. తెలిస్తే ఎవరికైనా చెప్పేస్తానని భయమేసి కాగితం మీద రాశాను. సగం ఈ గడియారం వెనకుంది, సగం ఆ గడియారం వెనక."

స్టూలెక్కి రెండు ముక్కలూ కలిపేసరికి పది కావచ్చింది. రెండు గడియారాలూ అదే అన్నాయి. ఫోల్డరు తెరుచుకుంది. చిన్న స్క్రూడ్రైవరు తనదేనని ఒప్పించుకుని మాస్టారు బయటపడ్డాడు.

నివేదిక ప్రింటవుతుండగా మేనకోడలి ఫోన్లోకి సభ ఆహ్వానం వచ్చింది. నివేదిక రచయిత అన్న చోట ఆమె సారు పేరుంది. ఆమె పేరు ఎక్కడా లేదు.

"నిన్న అందుకే వచ్చాడు," అంది అత్తయ్య. "నువ్వు లేనప్పుడు చూసి వచ్చాడు. మంచినీళ్లడిగాడు, ఇచ్చాను. వైఫై పాస్‌వర్డు అడిగాడు. మంచినీళ్లు తాగడానికి వైఫై ఎందుకు? అదీ ఇచ్చాను, తప్పుది. అరగంట తన లాప్‌టాప్ టకటకలాడించి పోయాడు. మళ్లీ వస్తాడని తలుపులన్నీ బిగించాను. దొంగకని వేసిన గడియలో ఇంటిపిల్ల వేలు పడింది."

మేనకోడలు కుర్చీలో కూలబడింది. "పోనీలే అత్తయ్యా. పేరుదేముంది? నీళ్లు బాగుపడితే చాలు."

"నేనూ అలాగే అనుకున్నానే. అట్ట మీద పేరు మార్చినవాడు లోపల ఒక పేజీ కూడా పీకేశాడు. గోదాముల సందు పేజీ. మురుగుకాలువలోంచి మంచినీళ్ల పైపు పోతోందని రాశాను. ఎందుకు తీశావని అడగడానికి నేనెవర్ని? పుస్తకం నాది కాదుగా. ఇప్పుడు చెప్పు, నీ సీసాల్లో ఏ సందు నీళ్లు కంపుకొట్టాయి?"

మేనకోడలు ప్రింటయిన కాగితాలు తిరగేసి ఒక చోట వేలు పెట్టింది. "ఆ సందువే."

అత్తయ్య "పాత కరెంటు బిల్లులు" అన్న ఫోల్డరు తెరిచింది. లోపల ఒక్క బిల్లూ లేదు. నివేదిక ప్రతులున్నాయి, ఎనభై తొమ్మిది. ఏ రోజు రాసినది ఆ రోజు తేదీతో, వీధి పేరుతో. ప్రతి పేజీ అడుగున మేనకోడలి పేరు.

"ఆరింటికి మెట్లెక్కి వచ్చింది ఇందుకా?"

"మరి నీ అందం చూడ్డానికనుకున్నావా? లే, టైమవుతోంది."

సభలో సారు గొంతు సవరించుకుని, "ఇద్దరం కలిసి రాశాం," అన్నాడు. అధ్యక్షురాలు "అలాగా? గోదాముల సందులో కుళాయి ఏ చివరుంది?" అని అడిగింది. సారు గోడ గడియారం వంక చూశాడు. మేనకోడలు జవాబు చెప్పి, లాప్‌టాప్‌లోకి ఎక్కించుకొచ్చిన పాత కరెంటు బిల్లులన్నీ ఒక్కొక్కటే తెరిచి చూపించింది. ఆ సందుకి కొత్త పైపు వేయాలని అక్కడే తీర్మానమైంది. నివేదిక అట్ట మీద ఆమె పేరు పడింది. దాని కింద ఇంకో పేరు కూడా ఆమే రాసింది, పైపుల దారి మొదట కనిపెట్టిన టైపిస్టుది.

సాయంత్రం అత్తయ్య భూతద్దం పెట్టి తన పేరు అక్షరం అక్షరం పరీక్షించింది.

"ఇలా రాయమని నిన్నెవరైనా బలవంతపెట్టారా?"

"లేదత్తయ్యా. నీ పేరు చదవగానే అందరూ చప్పట్లు కొట్టారు."

"అందరూనా? ఒకేసారి?"

"ఒకేసారి."

"అయితే కూడబలుక్కున్నారు," అంది అత్తయ్య. వంటింట్లోకి వెళ్లి టీ పెట్టింది. పంచదార డబ్బాకి తాళం వేయడం ఆ రోజు మర్చిపోయింది.

చదివినవాళ్లకి ఒక్క మనవి. రేపు మీ బల్ల మీదికి వచ్చిన కాగితం నిజంగా ఎవరు రాశారో అడగండి. ఆ పేరు దాని మీద లేకపోతే కలం తీసి మీరే రాయండి. టీ కప్పుల పళ్లెం పట్టుకున్న మనిషిని కూడా అడగడం మరవకండి. ఆవిడ మిమ్మల్ని ఎగాదిగా చూసి "ఎందుకడుగుతున్నావు?" అంటే నొచ్చుకోకండి. జవాబు వచ్చేదాకా అక్కడే నిలబడండి.