నా చేతికి సరిపోని తేలిక తుపాకీ

మొన్న కుట్టుమిషను బాగుచేసే ఆయన వచ్చి, సన్నటి ముక్కున్న చిన్న డబ్బాతో చక్రాల సందుల్లో రెండేసి చుక్కల నూనె వేసి వెళ్లాక, ఆ వాసన ఇంట్లో చాలాసేపు నిలిచిపోయింది. నాకు మాత్రం అది తుపాకీ వాసన. తొంభైల చివర్లో, నిడదవోలులో, ఓ ఎండాకాలమంతా నేను తుడిచి, నూనె పూసి, భుజానికెత్తుకుని దించిన ఎయిర్ రైఫిల్ వాసన.

మా డ్రిల్లు మాస్టారు మిలటరీలో పనిచేసి వచ్చినాయన. ఆదివారం పొద్దున్నే వాడకంలో లేని ఓ ధాన్యం గోదాములో, గోడకి ఇసుక బస్తాలు పేర్చి, వాటిమీద కాగితపు గురులు అంటించి, అయిదారుగురు పిల్లలకి తుపాకీ నేర్పేవారు. ముక్కిన ఊక వాసన, రేకుల సందుల్లోంచి నేలమీద నాణేల్లా పడే ఎండ, దూలాల మీద పావురాల గుసగుస, బయట వీధిలో ముంజలమ్మే ఆవిడ కేక, వీటన్నిటి మధ్య ఊపిరి బిగబట్టి ఒక నల్లచుక్కని చూడటమే మా ఆట. మాస్టారి తుపాకీ ఒక్కటే అందరికీ. ఎనిమిదో తరగతిలో ప్రార్థన వరసలో ఎప్పుడూ మొదట నిలబడే పొట్టిదాన్ని నేను. పది గుండ్లు కాల్చేసరికి నా ఎడమ చెయ్యి ఆ బరువుకి కిందికి వాలిపోయేది. అయినా సగం గుండ్లు నల్లచుక్కలోనే పడేవి.

“పిల్లకి గురి బాగుందండి. చేతికి సరిపడే తేలికపాటి తుపాకీ ఉంటే జిల్లా జట్టు ఎంపికకి పంపొచ్చు,” అన్నారు మాస్టారు నాన్నతో.

“ఆడపిల్లకి తుపాకీ ఏంటండీ, వింతగా!” అంది అమ్మ. నాన్న మాత్రం తుపాకీలు ఎక్కడ దొరుకుతాయని మాస్టారినడిగారు. మా ఇంట్లో దానర్థం ఒప్పుకున్నట్టే.

పాసింజరు బండెక్కి రాజమండ్రి వెళ్లాం. తుపాకీల కొట్టాయన బల్ల మీద రెండు తుపాకీలు పెట్టి, “తేలికదైతే ఊగుతుందండి, బరువుంటేనే నిలకడ,” అన్నాడు. “మాస్టారేమో తేలికదే తెమ్మన్నారండి,” అన్నారు నాన్న. నాన్నది బట్టల కొట్టు. కళ్లు మూసుకుని రెండు వేళ్లతో నలిపి ఏ గుడ్డో చెప్పే మనిషి, ఇక్కడ రెండు గొట్టాల్నీ మార్చి మార్చి నిమురుతూ ఉండిపోయారు.

నేను రెండూ ఎత్తి చూశాను. మొదటిది మణికట్లని కిందికి లాగేసింది. రెండోది భుజం మీద ఒదిగి కూర్చుంది. “మొదటిదే బరువు,” అన్నాను. కొట్టాయన నవ్వి పక్క కొట్లోంచి కాటా తెచ్చి తూచాడు. తూకంలో మొదటిదే తేలిక! నాన్న నాకేసి చూశారు. నాకేమీ అర్థం కాలేదు. నా చెయ్యి తప్పా, కాటా తప్పా?

“ఏది కావాలమ్మా?”

తటపటాయిస్తే మళ్లీ వద్దాంలే అంటారని, ఆ మళ్లీ ఇక రాదని భయం. “ఇదే నాన్నా. తేలిగ్గానే ఉంది,” అన్నాను, కాటా తేలికని చెప్పిన మొదటిదాన్ని చూపిస్తూ. గులాబీరంగు రోజ్ మిల్క్ తాగి, దుప్పట్లో చుట్టిన తుపాకీని ఇద్దరి మోకాళ్ల మీదా అడ్డంగా పెట్టుకుని బండిలో తిరిగొస్తుంటే, అడిగిన ప్రతివాళ్లకీ “మా అమ్మాయిదండి,” అని నాన్న చెబుతూనే ఉన్నారు.

ఆ కొత్త తుపాకీతో నా గుండ్లు ఇసుక బస్తాల అంచులకి పోయాయి. వారం, రెండు వారాలు. నాన్న ప్రతి ఆదివారం కొట్టు తెరవబోయే ముందు వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి చూసి వెళ్లేవారు. ఎంపికకి పదిరోజులుందనగా ఇక ఆపుకోలేక తుపాకీ బస్తా మీద పెట్టి ఏడ్చేశాను.

“ఇది బరువుగా ఉంది నాన్నా. ఆ వేళ కొట్లోనే బరువుగా ఉంది. అబద్ధం చెప్పాను.”

నాన్న ఆ రోజు కొట్లో రెండు తుపాకీల సంగతీ, కాటా సంగతీ మాస్టారికి చెప్పారు. మాస్టారు తుపాకీ తీసుకుని, భుజానికి ఆన్చే కొయ్యని నా మోచేతి మడతలో పెట్టి చూశారు. నా వేలు గుండు పేల్చే మీటదాకా అందలేదు.

“తప్పు తూకానిది కాదండి, పొడుగుది. చెయ్యి అంత చాచి పట్టుకుంటే తేలికదీ బరువే. కొట్లో ఆ రెండోదాని కొయ్య పొట్టిదై ఉంటుంది. దీన్ని రెండు వేళ్ల మందం కోయించాలి.”

వడ్రంగి తుపాకీ అటూ ఇటూ తిప్పి, “కొత్త సరుకండి. కోశాక అతకదు మరి,” అన్నాడు. నాన్న మాస్టారి వైపు చూడలేదు. నా వైపు తిరిగి, “కోయించనా అమ్మా?” అన్నారు. నాకు నిజంగా తెలియదు. తెలియకుండానే తలూపాను. రంపం ఆడుతున్నంతసేపూ గొట్టం కదలకుండా నాన్నే పట్టుకున్నారు. ఆయన తెల్లచొక్కా నిండా ఎర్రటి పొట్టు పడింది.

జిల్లా జట్టుకి ముగ్గుర్ని తీసుకున్నారు. అందులో మూడోదాన్ని నేను. పై ఏడాదికి జానెడు పొడుగయ్యాను. అదే తుపాకీ నాకు పొట్టిదైపోతే, నాకంటే చిన్నపిల్లకి ఇచ్చేశాం.

ఇప్పుడా గోదాము లేదు. అక్కడ ఫంక్షన్ హాలు వెలిసింది. పావురాలు ఎటు పోయాయో తెలియదు. ఈ కాలం తుపాకీలకి మరలున్నాయట, పిల్ల పెరిగేకొద్దీ తిప్పుకుంటే కొయ్య పొడుగవుతుందట. ఎవరూ రంపం పట్టనక్కర్లేదు. మంచిదే. కానీ అబద్ధం చెప్పానని అప్పుడే ఒప్పుకున్న పిల్లని నాన్న మళ్లీ ఎందుకడిగారో, ఆ తలూపుడు ఒక్కటీ చూసి అంత గట్టిగా గొట్టం ఎలా పట్టుకున్నారో, నాకు ఇవాళ్టికీ అర్థం కాదు.