డబ్బాలో మిగిలిన గ్యాసు

మా ఆయనకి గుండెలో స్టెంటు వేసి నెలన్నర అయింది. మర్నాడు పది గంటలకి భవానీపూర్ ఆసుపత్రిలో చూపించుకోవాలి. ఎండ తగలనివ్వొద్దని డాక్టరుగారు మరీ మరీ చెప్పి పంపారు. కలకత్తాలో ఆ రోజుల్లో ఎండ కన్నా ఉక్కపోత చెడ్డది. కిందటిసారి టాక్సీలో తీసుకెళితే హాజ్రా దగ్గర జామ్‌లో ఇరుక్కున్నాం. మా ఆయన పెదాలు నల్లబడ్డాయి. ఆ నలుపు నా కళ్ళలోంచి పోలేదు. అందుకే ఈసారి మా అబ్బాయి పాత కారులో ఏసీ వేసుకుని వెళదామనుకున్నాం. ఆ ఏసీ సరిగ్గా ముందురోజే వేడిగాలి కొట్టింది.

మా ఏక్‌బాల్‌పూర్‌లో ఏ మెకానిక్కుని అడిగినా నాలుగు రోజులు ఆగమన్నాడు. అబ్బాయి ఫోనులో వీడియో చూసి, ఒక గ్యాసు డబ్బా, ముల్లు తిరిగే మీటరున్న గొట్టం కొనుక్కొచ్చాడు.

"ఇంటికాడే ఎక్కించేద్దామమ్మా. పది నిమిషాల పని."

"పేలిపోదేట్రా?"

"నువ్వు రోజూ సిలిండరు పక్కనే కూకుని వండతావు. ఇదెంత?"

"సిలిండరు నాకు తెలుసు. దీని మొకం ఎప్పుడు సూసాను?"

ఇంజను ఆడుతుండాలి, లోపల ఒకరు ఎక్సలేటరు తొక్కి ఉంచాలి. అది అబ్బాయి పని. డబ్బా పట్టుకోవడం నా వంతు. చీర కొంగు ఇంజను ఫ్యానులో పడకుండా నడుముకి గట్టిగా దోపుకున్నాను. మా ఆయన ఓడల డాకులో వాడిన పాత గ్లౌజులు తొడుక్కున్నాను. ఆయన్ని గుమ్మం నీడలో కుర్చీ వేసి కూర్చోబెట్టాం. అక్కడికి మీటరు ముల్లు కనిపిస్తుంది.

ఆయన డాకులో ముప్పై ఏళ్ళు సిగ్నల్ మనిషి. ఓడ అంచున నిలబడి, సరుకు ఎంత ఎత్తాలో ఎప్పుడు దించాలో క్రేను నడిపేవాడికి చేత్తో చూపించేవాడు. ఆ హోరులో మాట వినపడదు. పిడికిలి పైకెత్తితే ఎక్కడున్నది అక్కడే ఆగిపోవాలి. మా వీధిలో ఆ పూట ఇంజను హోరు కూడా అలాగే ఉంది.

"నా సెయ్యే సూడు," అన్నాడు. "డబ్బా కేసి సూడకు."

ఏసీ సన్న పైపు మీది మూత తీసి అబ్బాయి గొట్టం బిగించి వెళ్ళి సీట్లో కూర్చున్నాడు. నేను మెల్లగా మీట తిప్పాను. సుయ్యిమంది. నా గుండె కూడా అలాగే అంది. గ్లౌజుల్లోంచి డబ్బా చల్లబడడం తెలిసింది. కాసేపటికి కిటికీలోంచి అబ్బాయి కేక వేశాడు.

"వస్తంది! సల్లగా వస్తంది!"

మా ఆయన పిడికిలి లేపాడు. ముల్లు ఆకుపచ్చ గీతలో ఉంది. మీట కట్టేశాను. డబ్బా ఊపి చూస్తే ఇంకా బరువుగా ఉంది, లోపల కదులుతోంది.

ఇక్కడే తప్పు చేశాను. కొబ్బరినూనె సీసా అయిపోతే ఎండలో బోర్లించి ఆఖరి బొట్టు దాకా పిండుకునే ఇల్లు నాది. కొన్నదాన్ని సగంలో పారేసే చెయ్యి కాదు. ఇంకాస్త పోస్తే రేపు ఇంకాస్త చల్లగా ఉంటుంది, ఆయనకే కదా మేలు అనుకున్నాను. ఆయన పిడికిలి ఇంకా పైనే ఉంది. నేను అటు చూడడం మానేసి మళ్ళీ మీట తిప్పాను.

ముల్లు ఎర్ర గీతలోకి వెళ్ళింది. గ్యాసు ఎక్కువైతే ఏసీ దానంతటదే ఆగిపోతుందట; ఇంజనులో ఏదో టక్కుమని ఆగింది. డబ్బా తీసేసి వెనక్కి వచ్చాను.

అబ్బాయి దిగి వచ్చాడు. "మళ్ళీ వేడి గాలే. ధుర్, ఆ కొట్టోడు నకిలీ సరుకు అంటగట్టాడు." చెప్పులేసుకుని కొట్టువాడితో తేల్చుకోడానికి బయలుదేరాడు.

మా ఆయన నా కేసి చూస్తూ కూర్చున్నాడు. అబ్బాయి మలుపు దాకా వెళ్ళాడు. అక్కడ ఒకడితో తగువు, ఇక్కడ ఈయన గుండె. ఇక ఉండలేకపోయాను.

"ఒరే, ఆగు. కొట్టోడి తప్పు నేదు. మీ నాన్న ఆపమన్నాక నేనే మళ్ళీ పోసీసాను."

"ఎందుకమ్మా?"

"మిగిలిపోయిందని."

అబ్బాయి నెత్తి పట్టుకుని గడప మీద కూర్చున్నాడు. అప్పుడు మా ఆయన నోరు విప్పాడు. "డాకులో అయితే ఈపాటికి ఒకడి కాలు ఇరిగీది."

"తిట్టు మావా. గట్టిగా తిట్టు."

"డాక్టరు గట్టిగా మాటాడొద్దన్నాడు. నేకపోతే తిట్టీవోణ్ణే."

ఎక్కువైన గ్యాసు స్క్రూడ్రైవరుతో నొక్కి వదిలేద్దామన్నాడు అబ్బాయి. మా ఆయన ఒప్పుకోలేదు. ఆ చలికి వేలి చర్మం కాలినట్టు అయిపోతుందని, మెషినుతోనే లాగించాలని చెప్పాడు. మెషిను ఉన్నవాడు నాలుగు రోజుల తరవాతే వస్తాడు. మరి రేపెలా?

చివరికి మర్నాడు ఎండ ముదరకముందే పొద్దున్న ఆరింటికి బయలుదేరాం, కిటికీలు దించుకుని. ఆసుపత్రి వరండాలో నాలుగు గంటలు కూర్చున్నాం. ఆయన్ని లోపలికి పిలిచాక తలుపు కేసి చూస్తూ, ఏసీ లేని ఈ ప్రయాణానికి ఆయనకేమన్నా అయితే అది నా చేతి పనే అని లెక్కేసుకున్నాను. డాక్టరుగారు ప్రెషరు రెండుసార్లు చూశారట, మందు మార్చలేదట. అది విన్నాకే మంచినీళ్ళు తాగాను.

మిట్టమధ్యాహ్నం నేను బయలుదేరనివ్వలేదు. వరండాలోనే పెరుగన్నం తిని, ఎండ వాలాక కారెక్కాం. ఆయన నా భుజం మీద తల పెట్టి నిద్రపోయాడు. హాజ్రాలో కారు ఆగింది. చెమట ఆయన చొక్కా మీద పాకుతోంది. నేను ఆయన పెదాల కేసే చూస్తూ కూర్చున్నాను. ఛాతీ లేచింది, దిగింది. మళ్ళీ లేచేదాకా నాకూ ఊపిరి ఆడలేదు. మా వీధి మలుపులో కారు గుంటలో పడితే కళ్ళు తెరిచాడు.

"ఇల్లొచ్చీసిందేటి?" అన్నాడు. పెదాలు మామూలుగానే ఉన్నాయి.