పెద్ద రెక్కల డ్రెస్సు

పోయినేడు మా పెద్దోడు బైక్ ప్రమాదంలో పోయినప్పటి నుంచి, కూతురి నుంచి ఫోన్ వస్తేనే నాకు భయం. అదేమో విమానంలోంచి దూకి, చేతుల కింద, కాళ్ల మధ్య రెక్కల్లా బట్ట ఉండే డ్రెస్సుతో ఎగరడం నేర్చుకుంటోంది. ఈ రోజు పొద్దున ఫోన్ చేసింది.

“అమ్మా, ఇగ పెద్ద రెక్కలది కొనాల్నా?”

“కొను బిడ్డా. బట్ట ఎక్కువుంటే పైలం గదా, మెల్లగ దిగుతవ్. స్కూల్ డ్రెస్సు గూడ ఒక సైజు పెద్దదే కుట్టిస్తుంటి.”

“అయ్యో, గట్ల కాదే! బట్ట ఎక్కువైతే గాలిల అదుపు చేసుకునుడు కష్టం. పారాచూట్ పిడి లాగనీకి చెయ్యి జల్ది అందదు.”

“ఇప్పుడున్నదాంట్ల అందుతుందా?”

“ఎప్పుడన్న ఒకసారి పిడి కోసం తడుముకుంట.”

“ఆ తడుముకునుడు బందయినంకనే కొను!”

“సరే తియ్, చిన్నదే ఉంచుకుంట” అని నవ్వింది.

దూకడమే మానెయ్యమని చెప్పాల్సిన తల్లిని, సైజు దగ్గర రాజీపడ్డాను. మీరైతే ఏమనేవాళ్లు?