సీసం తగిలిన పుస్తె

బంగారం గురించి నాకు ఎవరూ నేర్పక్కర్లేదని అనుకునే రోజులవి. తొంభైల నడుమ, దోహాలో ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ వైపు ఒక విల్లాలో రెండు గదుల వాటా మాది. మా ఆయనకు కంపెనీ డ్యూటీ. నాకు బోటనీలో ఎమ్మెస్సీ పట్టా, దాన్ని చూసుకుంటూ కూర్చోవడం. రెండు వీధుల అవతల ఉండే ఐర్లండావిడ, స్కూల్లో డ్రాయింగ్ టీచరు, శుక్రవారం మధ్యాహ్నాలు తన కారు షెడ్డులో కొత్త తరహా నగలు చేయడం నేర్పేది. పొద్దుపోక వెళ్ళాను.

ఆవిడ చొక్కాకి ఒక పిన్ను ఉంది. సముద్రం ఒడ్డున అరిగిన గాజుపెంకు, కరెంటు తీగ ముక్క కలిపి చేసింది. ఇదీ ఒక నగేనా, మా కాకినాడలో పాతసామాన్లవాడు కూడా తక్కెట్లో వెయ్యడు అనుకున్నాను. అనుకుని ఊరుకోవచ్చుగా! నా నోటి దూల ఊరుకోనిస్తేనా. "మేము ఇరవై రెండు క్యారెట్లు తప్ప ముట్టుకోం" అని ఇంగ్లీషులో అనేశాను. ఆవిడ నవ్వి, ఒక రాగి రేకూ సన్నరంపమూ చేతిలో పెట్టింది. ఆ ఒక్క పూటలో ఆరు బ్లేడ్లు విరిచాను.

అక్కడ నాతోపాటు ఇద్దరే శిష్యులు. ఒకామె ఫిలిప్పీన్స్ మనిషి, దంతవైద్యుల కోసం కట్టుడుపళ్ళు చేసేది. ఇంకొకతను నిజామాబాద్ ముస్లిం, ఏసీ మెకానిక్. టీచరుగారి ఏసీ బాగుచేయడానికి వచ్చి, అక్కడి మంట సామాను చూసి, ఇక శుక్రవారం నమాజు కాగానే వచ్చేవాడు. రాగి గొట్టాలు అతికే చేయి కదా, వెండి అతకడంలో టీచరుకే చెప్పగలిగినవాడు. ఎమ్మెస్సీ చదివిన నేను మాత్రం ఆ షెడ్డులో అందరికన్నా మొద్దుని.

అలా నెల గడిచేసరికి నా పుస్తెల్లో ఒకదానికి, తాడు దూర్చే చిన్న గొట్టం అరిగి ఊడిపోయింది. పుట్టింటివారు పెట్టిన పుస్తె అది. అమ్మ తన ముక్కుపుడక కరిగించి చేయించింది. అమ్మ పోయాక నా దగ్గర మిగిలిన అమ్మ వస్తువు అదొక్కటే. మెళ్ళో పసుపుకొమ్ము కట్టుకుని, ఇద్దరం సూక్‌లో, అంటే అక్కడి బజార్లో, బంగారం కొట్టుకి వెళ్ళాం. కొట్టతను తూకం వేసి, కరిగించి కొత్తది ఇస్తానన్నాడు. మా ఆయన సరే అనబోయాడు. నేను చేతిలోంచి లాక్కున్నంత పని చేసి బయటికొచ్చేశాను.

నెలరోజుల చదువు తలకెక్కింది కదా, మర్నాడు మా ఆయన డ్యూటీకి వెళ్ళగానే, ఆయన రేడియో బాగుచేసుకునే సోల్డరింగ్ ఐరన్ తీసి, సీసం కరిగించి గొట్టం నేనే అతికించుకున్నాను. బూడిదరంగు బొబ్బలాగా తేలింది. రెండురోజుల్లో అదీ ఊడింది. ఆ శుక్రవారమే టీచరు ఒక వెండి ముక్క చూపించింది. నిండా చిల్లులు. సీసం తగిలిన వెండినిగాని, బంగారాన్నిగాని కాలిస్తే సీసం దాన్ని తినేస్తుందని, ఈ షెడ్డులోకి సీసం తేవద్దని చెప్పింది.

ఇంటికొచ్చి గోళ్ళ ఆకురాయితో గీకాను. పైకి పోయినట్టే కనిపించింది. మరో రెండు వారాలు ఓర్చుకుని, ఇక ఆగలేక పుస్తె పట్టుకెళ్ళాను. టీచరు అందరినీ అడిగినట్టే నన్నూ అడిగింది, "దీనికి ఇంతకుముందు ఇంకేదైనా అతికించారా?" అని.

ఇరవై రెండు క్యారెట్ల మనిషిని కదా, అభిమానం అడ్డొచ్చింది. "లేదు" అన్నాను.

మంట పని కాబట్టి మెకానిక్ చేతికిచ్చింది. "జర ఆగుండ్రి మేడమ్, మీకు ఇది దేవునితో సమానం గదా" అని వెళ్ళి, మోచేతుల దాకా కడుక్కొని వచ్చి అప్పుడు పట్టుకున్నాడు. వెలుగులో అటూ ఇటూ తిప్పి చూశాడు. మంట వెలిగించాడు. చెప్పు, చెప్పు అని లోపల ఎవరో తొందరపెడుతున్నారు. అమ్మ ముక్కుపుడక నా కళ్ళెదుటే చిల్లులు పడిపోతుందని తెలిసి కూడా నిలబడ్డాను. ఆ మాట తలుచుకుంటే నా మీద నాకు ఇప్పటికీ కోపమే.

అతను పుస్తెకు తగిలించకుండానే మంట ఆర్పేశాడు. "బంగారం పల్చగున్నది మేడమ్, మంట వద్దు" అని నాతో అని, టీచరుకూ వచ్చిన ఇంగ్లీషులో అదే చెప్పాడు. ఆ పూటంతా, పై శుక్రవారమంతా, షేవింగ్ బ్లేడుతో వెంట్రుకవాసి చొప్పున పుస్తె అంచు గీకుతూ కూర్చున్నాడు. తర్వాత పళ్ళు చేసే ఆమె తన సన్న డ్రిల్లుతో అంచున ఒక్క బెజ్జం వేసింది. మంట లేకుండా గొట్టాన్ని మేకుతో బిగించే పద్ధతి టీచరు చూపించింది. నా విరిగిన కమ్మ తీగే మేకు అయింది. సుత్తితో చివరి దెబ్బ మాత్రం నా చేతే కొట్టించారు. ఏ కొట్లో దొరుకుతారు అలాంటి మనుషులు?

ఆ సాయంత్రం అతను బయట తన పికప్‌లో సామాను సర్దుకుంటుంటే దగ్గరికెళ్ళాను.

"అబద్ధమాడాను. ఇంట్లో సీసం పెట్టి అతికించింది నేనే."

"మాలూమే మేడమ్. పదేండ్ల సంది మంట పట్టినోన్ని, సీసం నాకు తెల్వదా?"

"మరి ఆ రోజే ఎందుకు అనలేదు?"

"అందరి ముందట మీరు లేదంటిరి. నేను ఉన్నదంటే మీరు మల్ల ఈడికి వస్తుంటిరా? మీరు రాకుంటే అది ఎట్ల బాగైతుండె?"

నడిరోడ్డు మీద ఏడ్చేశాను. అతను కంగారుపడ్డాడు.

"అయ్యో, ఏడుస్తరేంది మేడమ్, బాగైంది గదా."

"మేడమ్ అనకు, అన్నా" అన్నాను. "చెల్లెమ్మా అను."