ఒక పడుగుకు ఎనిమిది చీరలు

1962 జూన్‌లో నేను రేడియో కేంద్రం గ్రామీణ విభాగంలో స్క్రిప్టు రచయితగా చేరాను. ఉద్యోగం తాత్కాలికం. ఆరు నెలలకోసారి కాగితం పొడిగించేవారు. మాది నల్లగొండ జిల్లా, హాలియా పక్కన. ఇంట్లో మాట్లాడే మాటను గేటు బయట వదిలేసి, 'రేడియో తెలుగు' నోట పెట్టుకుని లోపలికి పోవడం మొదటి నెలలోనే నేర్చుకున్నాను.

సాయంత్రం పల్లెల కార్యక్రమంలో ఐదు నిమిషాల ప్రసంగం నా పని. దాని పేరు 'ఎందుకిలా?' ఓటు వేసిన వాళ్ళ వేలికి సిరా ఎందుకు పూస్తారు, కోస్గి సంతలో బేరగాళ్ళు తువ్వాల కింద చేతులు పెట్టి వేళ్ళతోనే ధర ఎందుకు మాట్లాడుకుంటారు, పాత కోటల తలుపులకు ఇనుప మేకులెందుకు, ఇలాంటివి. రెండున్నర పేజీలు రాయాలి. ప్రతి పేజీ కింద ప్రోగ్రాం అధికారి సంతకం పెట్టాలి. స్టూడియోలో ఎర్ర దీపం వెలిగాక సంతకం పడిన మాటలే చదవాలి. ఒక్క ముక్క ఎక్కువ పలికితే సంజాయిషీ రాసివ్వాలి. ఐదు నిమిషాలు దాటినా సంజాయిషీయే.

అప్పట్లో చాలా ఊళ్ళకు ఒకటే రేడియో. పంచాయతీ ఆఫీసులో చెక్కపెట్టెలో ఉండేది, తాళంచెవి గుమాస్తా మొలతాడుకు ఉండేది. జనం అరుగు మీద కూర్చుని వినేవారు. రేడియోలో చెప్పారంటే ఇక దానికి తిరుగులేదు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసినందుకు కాస్త పొగరు కూడా ఉండేది.

వానలు వెనకపట్టే రోజుల్లో నారాయణపేట చీర మీద రాయమన్నారు. గడువు రెండు రోజులు. అంత దూరం బస్సులో పోవడానికి బద్ధకించి, నగరంలోనే ఒక బట్టల కొట్టు యజమానిని అడిగాను. ఆయన దగ్గరున్నవన్నీ గళ్ళ చీరలే. గళ్ళ గొప్పతనం ఆయన చెప్పాడు, నేను రాసుకున్నాను. ముగింపు పండాలని 'గళ్ళు లేనిది అసలు నారాయణపేట చీరే కాదు' అని ఒక విసురు విసిరాను. సంతకం పడింది. నాలుగు నిమిషాల యాభై అయిదు సెకన్లలో చదివేశాను. భేష్ అన్నారు మా అధికారి.

పది రోజుల తర్వాత గేటు దగ్గర ఎవరో నన్ను అడుగుతున్నారని కబురొచ్చింది. వెళ్ళి చూస్తే చంకలో మూటతో యాభై ఏళ్ళ మనిషి. పేరు ఈరప్ప, నారాయణపేట నేతగాడు. 'గళ్ళ ముచ్చట చెప్పిన సారు' కావాలట. నేనే అన్నాను, పొగడడానికి వచ్చాడనుకుని. ఆయన అక్కడే మెట్ల మీద మూట విప్పి చీర పరిచాడు. ముదురు ఎరుపు అంచు, కొంగుకు ఎరుపూ తెలుపూ పట్టీలు, ఒంట్లో ఒక్క గడి లేదు. కళ్ళు చెదిరే చీర.

"గిది మా తాత నేసిండు, మా నాయిన నేసిండు, నేను నేస్తున్న" అన్నాడు. "ఇది నారాయణపేటది కాకుంటె ఏ ఊరిదో జర చెప్పుండ్రి సారూ."



ఆయన నింపాదిగా చెప్పుకొచ్చాడు. నూలిచ్చి నేయించుకునే సావుకారు, రేడియో విన్న మర్నాటి నుంచి సాదా చీరలు ముట్టనంటున్నాడు. కొనేవాళ్ళు గళ్ళు చూపించమంటున్నారట. మగ్గం మీది చీరలు పోతే గానీ కొత్త నూలు ఇవ్వనన్నాడు. దసరాకు మూడు వారాలుంది. దసరా దాటితే ఈ చీరల మొహం చూసే దిక్కుండదు. మగ్గం ఆగితే ఇంట్లో ఆరుగురి నోళ్ళూ ఆగుతాయి.

నేను నా తెలివి చూపించాను. ఇక మీద నేసేవాటికి గళ్ళు వేస్తే సరిపోదా అన్నాను. ఈరప్ప నన్ను ఎగాదిగా చూసి నవ్వాడు. మిగతా చోట్లలా కాదట, వాళ్ళు ఒకే పొడుగాటి పడుగు ఎక్కించి, దాని మీద ఎనిమిది చీరలు వరసగా నేస్తారు. పడుగంటే మగ్గం మీద నిలువుగా సాగే దారాలు. గళ్ళు రావాలంటే ఎక్కించేటప్పుడే ఆ దారాల్లో రంగులుండాలి. ఎనిమిదింటిలో రెండే అయ్యాయి.

"బువ్వ ఉడికినంక బియ్యం మార్చుమన్నట్టున్నది మీ మాట" అన్నాడు. "మీరు ఒక్క మాట అంటిరి, నా గుంట మగ్గంల ఆరు చీరలు పండుకున్నయి."

సిగ్గుతో నా తల వంగిపోయింది. ఆయన్ను వెంటబెట్టుకుని మా అధికారి దగ్గరికి వెళ్ళి, తప్పు నాదేనని చెప్పాను. ఆయన గోదావరి జిల్లా మనిషి, మంచివాడే, కాకపోతే ఫైలంటే భయం. ప్రసంగాలకు సవరణలు వేసే ఆనవాయితీ లేదన్నారు. ఒక దానికి వేస్తే మిగతావాటి మీదా జనానికి అనుమానం పుడుతుందట. చాలాసేపు చీరను చేత్తో నిమిరి, చివరికి దారి ఆయనే చూపించారు. ఒక పడుగుకు ఎనిమిది చీరలెందుకు అన్నది కూడా మంచి ప్రశ్నే కదా, దాని మీద చేయమన్నారు. నేనే చదవాలన్నారు. నా నోటిని జనం రెండోసారి నమ్మరు, ఈరప్పే చెప్పాలి అని పట్టుబట్టాను. ఆ యాసలోనా అన్నారు. ఆ యాసలోనే అన్నాను. ఉద్యోగంలో చేరాక పైవాళ్ళకు ఎదురు చెప్పడం అదే మొదలు.

ఆ మధ్యాహ్నమే స్టూడియోలో కూర్చోబెట్టాం. ఎర్ర దీపం వెలిగింది. ఈరప్ప మైకుకు దండం పెట్టి, కట్టెలా బిగుసుకుపోయాడు. మూడుసార్లూ అంతే, దండం తప్ప మాట లేదు. మర్నాడు బరువైన టేపు రికార్డరు మోసుకుని ఆయనతో పాటు నారాయణపేట బస్సెక్కాను.

ఆయన భార్య నింగమ్మ సంగతంతా విని, నన్నే జాలిగా చూసింది.

"గుంటల కాళ్ళు వెడితెనే ఆయనకు మాటలొస్తయి సారూ. బయటుంటె మూగోడే."

నిజమే. ఈరప్ప మగ్గం గుంటలో దిగి, అడ్డదారం లాగే నాడె విసరగానే మాట దానంతటదే సాగింది. పడుగు ఎక్కించడం రోజుల తరబడి పని గనుక ఒకసారి ఎక్కిస్తే ఎనిమిది చీరలు తీస్తామని, గళ్ళ పడుగు గళ్ళదే, సాదా పడుగు సాదాదేనని, రెండూ ఈ ఊరి బిడ్డలేనని చెప్పాడు. మధ్యలో నింగమ్మ అందుకుంది, "అన్నీ నువ్వే చేసినట్టు చెప్పవడితివి. కండెలు ఎవరు చుడుతున్నరో అది గూడ చెప్పు." నాడెలో పెట్టే నూలు కండెలు చుట్టేది నింగమ్మేనని ఆయన ఆ ముక్కా చెప్పాడు. నా పేరు ఎత్తుతాడేమోనని లోపల గుబులుగా ఉంది. ఎత్తాడు.

"మొన్న సారు చెప్పింది అబద్ధం గాదు, సగం. పాపం, ఆయనకు సగమే చూపిచ్చిండ్రు."

తిరిగొచ్చి టేపు విని మాట మాటా రాశాను. టేపు ప్రసారం చేయాలన్నా సంతకం పడిన స్క్రిప్టు ఉండాల్సిందే. మా అధికారి రెండుసార్లు విన్నారు, మగ్గం చప్పుడు తీసేయాలా అని ఆలోచించారు, తీయలేదు. నింగమ్మ దెప్పిపొడుపు కింద కూడా సర్కారు సంతకం పడింది. మొత్తం నలభై సెకన్లు ఎక్కువొచ్చింది. ఏం కోయాలో వెతికితే, నేను ముందు చేర్చిన పరిచయం సరిగ్గా అంతే ఉంది. దాన్ని కోసేసి, ఆ వారమే ప్రసారం చేశాం.

దసరా వెళ్ళిన వారానికి కార్డు వచ్చింది. బడిపంతులు చేత రాయించినా మాటలు ఈరప్పవే. 'ఆరు చీరలు పోయినయి. సావుకారే ఇంటికొచ్చి కొండవొయిండు. ఇప్పుడు గళ్ళ పడుగు ఎక్కించిన. సారుకు ఒక్క మనవి. మల్ల మా చీర మీద ఏమన్న చెప్పాలంటె, ఎనిమిదీ అయ్యేదాక ఆగుండ్రి.'

కార్డు చూపిస్తే మా అధికారి కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వారు. కాగితం మరో ఆరు నెలలు పొడిగించారు. తర్వాత నేను స్థిరపడి, ఆ విభాగంలోనే చాలా ఏళ్ళు పనిచేశాను. ప్రతి స్క్రిప్టు మొదటి పేజీ మీద, సంతకం పడే చోటుకు పైన, 'ఎవరిని అడిగాను' అని ఒక గీత గీసుకుని పేరు రాసేవాణ్ణి. అమ్మేవాడి పేరు ఒక్కటే ఉంటే ఆ స్క్రిప్టు పైకి పంపేవాణ్ణి కాదు.